పెద్దబాపు చుక్కలు పెట్టిన కాగితం

మొన్న ఆదివారం మా అమ్మాయి జగిత్యాల వచ్చి, వంటింటి గుమ్మం దగ్గర లాప్‌టాప్ ముందేసుకుని ఒకటే గొణుగుతోంది. రెండు కంప్యూటర్లకు మాత్రమే తెలిసిన రహస్యపు కీ ఒకటి పెట్టిందట, రెండు వైపులా అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉందట, అయినా అవతలిది ససేమిరా అంటోందట. నేను పోపు వేస్తూనే, వెనక్కి తిరక్కుండా, "రెండిట్ల టైం ఒక్కటే ఉన్నదా చూడు బిడ్డా" అన్నాను. కాసేపటికి లాప్‌టాప్ మూసిన చప్పుడు వినిపించింది. "అమ్మా, నీకెట్ల తెల్సు?" అంటూ వచ్చి నా మొహంలోకి వింతగా చూసింది. తెలియకేం, ఈ పని మా అమ్మాయి పుట్టకముందు నుంచీ చేసినదాన్ని. ఆ పాఠం నేర్చుకోవడానికి ఎవరిని నొప్పించానో కూడా తెలుసు గానీ, అది పోపు వేగేలోగా చెప్పే సంగతి కాదని ఊరుకున్నాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన ఊళ్లకు బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజుల్లో కరెంటు పోయి వచ్చిందంటే చాలు, నెట్‌లో ఆ కంప్యూటర్‌ను చేరే అడ్రసు నంబరు మారిపోయేది. నేను అప్పుడు జగిత్యాలలో ఒక బట్టల దుకాణంలో కంప్యూటర్లు చూసేదాన్ని. దాని యజమానికి కోరుట్లలో ఇంకో దుకాణం, సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు ఉండేవి. ఏ బట్ట ఎన్ని మీటర్లు నేయాలో రెండు దుకాణాల వాళ్లూ నేరుగా షెడ్డు కంప్యూటర్‌లోకే పంపేవారు. అందుకు దాన్ని పేరు పెట్టి పిలిస్తే అది పలకాలి, దాని అడ్రసు ఎప్పటికప్పుడు నా దగ్గరున్న సర్వర్‌కు తెలియాలి. డీఎన్ఎస్ అని పెద్ద పేరు పెట్టారు గానీ, అది పేరుకెదురుగా అడ్రసు రాసుకునే పుస్తకం, అంతే. అడ్రసు మారినప్పుడల్లా షెడ్డు కంప్యూటరే తనంతట తాను వచ్చి ఆ పుస్తకంలో దిద్దుకునేలా పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. ఎవరొచ్చి దిద్దినా సరేనని తలుపు బార్లా తెరిచి పెట్టానేమో, కోరుట్లలో పరీక్ష కోసం నేనే ఉంచిన పాత మిషన్ ఒకటి 'నేనే సిరిసిల్లను' అని రాసేసుకుని, బడిపిల్లల యూనిఫాం ఆర్డరును ఒక పూటంతా మింగి కూర్చుంది. యజమాని నా మీద ఇంతెత్తున లేచారు. దాంతో కీ పెట్టాను. సర్వర్‌లో ఒక కీ, అదే కీ షెడ్డు కంప్యూటర్‌లో కూడా. దిద్దమని వచ్చే ప్రతి కబురు మీదా ఆ కీతో, పంపిన సమయంతో కలిపి ఒక ముద్ర పడుతుంది, ఆ ముద్ర సరిపోతేనే పుస్తకం తెరుచుకుంటుంది.

షెడ్డు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేది మా నాన్నకు అన్న, మేం పెద్దబాపు అని పిలిచేవాళ్లం. ముప్పై ఏళ్లు మగ్గం మీద పనిచేసి, కుడిచేతి రెండు వేళ్లు అందులోనే పోగొట్టుకున్నాక, యజమాని ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. మిగిలిన వేళ్లతో టైపు చేయడం నేర్చుకుని, ఆ కుర్చీ దయతో ఇచ్చింది కాదని చూపించాలని ఆయన ఎంత తపన పడేవాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. కీ ఫోన్లో చెప్పనని నేను పట్టుబడితే, పాపం, బస్సెక్కి జగిత్యాల వచ్చి, నేను కాగితం మీద రాసిచ్చిన కీని బనీను జేబులో పెట్టుకుని వెళ్లాడు. ఎక్కించాక కాగితం ఎవరికీ ఇవ్వొద్దని, తిరిగి నాకే ఇవ్వాలని మరీ మరీ చెప్పి పంపాను.

కోరుట్ల దుకాణం కంప్యూటర్‌కూ ఇలాగే వేరే కీ పెట్టి, నేనే వెళ్లి, నా చేతి గడియారం చూసి టైం సరిచేసి, దాని కీ ఎక్కించి వచ్చాను. అది మొదటిసారికే పనిచేసింది. సిరిసిల్లది మాత్రం ఎన్నిసార్లు పంపినా సర్వర్ వెనక్కి కొట్టింది. పెద్దబాపు మూడుసార్లు మళ్లీ ఎక్కించానని ఫోన్లో చెప్పాడు. నేను నమ్మలేదు. సర్వర్ చిట్టాలో తిరస్కారం పక్కనే కారణం కూడా రాసి ఉంది, దాన్ని పూర్తిగా చదివే ఓపిక నాకు లేకపోయింది. నా వైపు అంతా సరిగ్గానే ఉంది, సిరిసిల్లలో కీ తప్పు ఎక్కించారు అని యజమానికి ఉత్తరం రాసి పడేశాను.

మూడో రోజున నేనే కోరుట్ల మీదుగా రుద్రంగి దారిలో బస్సెక్కి సిరిసిల్ల వెళ్లాను. ఆఫీసు కుర్చీ ఖాళీగా ఉంది, నా ఉత్తరం చూసి యజమాని పెద్దబాపును అందులోంచి లేపేశారట. పెద్దబాపు షెడ్డు వెనక కూర్చుని, రెండు వేళ్లు లేని ఆ చేత్తో దారపు కండెలు చుట్టే మిషన్ దగ్గర తెగిన దారాలు ముడేస్తున్నాడు. నన్ను చూసి కోప్పడలేదు. "పోగు తప్పితే నాకు కనపడదా బిడ్డా?" అని మాత్రం అన్నాడు.

కంప్యూటర్ తెరిచి కీ చూశాను, ఒక్క అక్షరం తేడా లేదు. అప్పుడు గోడ గడియారం మీద చూపు పడింది. నా చేతి గడియారం కంటే అది పది నిమిషాలు ముందుంది. షిఫ్టుకు మనుషులు ఆలస్యం కాకుండా షెడ్డు గడియారాన్ని అలా ముందుకు జరిపి ఉంచడం అక్కడ మామూలే. ఒకే షెడ్డులో రెండు టైములుంటే లొల్లి అవుతుందని, పెద్దబాపు కంప్యూటర్‌ను కూడా గోడ గడియారంతో కలిపాడు. సర్వర్ ఐదు నిమిషాల తేడా వరకే ఓర్చుకుంటుంది. కీ ఎంత సరైనదైనా, అంత తేడాతో వచ్చిన ముద్రను అది నమ్మదు.

నేను ఆవేశంగా స్టూలెక్కి గోడ గడియారం దించబోతే పెద్దబాపు పరుగున వచ్చాడు. "దాన్ని ముట్టకు బిడ్డా, గా టైం మనుషులకు. నీ డబ్బాకు నీ టైం పెట్టుకో!" అన్నాడు. మగ్గాల దగ్గరి వాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. కంప్యూటర్ టైం పది నిమిషాలు వెనక్కి జరపగానే సర్వర్ పుస్తకం దిద్దుకుంది. అక్కణ్నుంచే యజమానికి ఫోన్ చేసి, అందరూ వింటుండగా, తప్పు నాదని చెప్పాను. సాయంత్రానికి పెద్దబాపు మళ్లీ తన కుర్చీలో ఉన్నాడు.

బస్సెక్కబోతుంటే ఆయన బనీను జేబులోంచి ఆ కాగితం తీసి, చెప్పిన మాట ప్రకారం, నా చేతిలో పెట్టాడు. ప్రతి అక్షరం కింద పెన్సిల్ చుక్కలు ఉన్నాయి, ముందు నుంచి చూసినప్పుడు ఒకటి, వెనక నుంచి సరిచూసుకున్నప్పుడు ఇంకొకటి. ఎక్కించిన ప్రతిసారికీ ఒక వరస, అలా మూడు వరసలు. రుద్రంగి దాటేదాకా నాకు కళ్లెత్తి కిటికీలోంచి చూడబుద్ధి కాలేదు.

ఇప్పుడు చాలావరకు కంప్యూటర్లు టైం తామే కలుపుకుంటాయి, కీలు తామే రాసుకుంటాయి. మనిషి బస్సెక్కి వచ్చి కాగితం తీసుకెళ్లే అవసరం లేదు. అంతా హాయిగానే ఉంది, ఆ కష్టమే మేలని నేననను. పెద్దబాపు పోయి చాలా ఏళ్లయింది, ఆ కీ ఎక్కించిన మిషన్ కూడా పాత ఇనుములో కలిసిపోయింది. కాగితం మాత్రం నా బీరువాలో ఉంది. ఆ ఉత్తరం రాసే ముందు, ఒక్కసారి ఈ కాగితం చూపించు పెద్దబాపూ అని అడిగి ఉంటే ఎంత బాగుండేది.