హాజరు పట్టీలో మొదటి పేరు

మొన్న సాలూరు సంతలో పసుపు అమ్ముకోవడానికి కొండ దిగివచ్చిన ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు మా బడి పంతులివి కాదేటి?" అన్నాడు. అవునన్నాను. "మీ అవ్వ ఎల్లిపోయింది పంతులూ. చింతపండు గింజలు తీత్తా తీత్తా అలాగే ఒరిగిపోయింది. ఒక్క మాటైనా సెప్పలేదు" అన్నాడు.

అవ్వ మాట చెప్పకుండా ఒక పని చేసిందంటే నాకు ముందు నవ్వొచ్చింది. ఆ తరువాత పక్క దుకాణం అరుగు మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆమె నాకు చుట్టం కాదు. మన్యం పితూరీ సద్దుమణిగిన మరుసటేడు, పాచిపెంట మీదుగా రెండు రోజులు నడిచి, అరకు వైపు కొండల్లో ఉన్న ఒక పల్లెకు తెలుగు చెప్పడానికి వెళ్లాను. పేరుకు అసిస్టెంటు ఉపాధ్యాయుణ్ణి. హెడ్మాస్టరు గారు నాకంటే ముందే మన్యం జ్వరానికి జడిసి కిందికి దిగిపోయారు. ఆ ఇళ్లలో తెలుగు లేదు. పిల్లలు నన్ను చూసి నవ్వేవారు, నేను వాళ్లను చూసి నవ్వేవాణ్ణి, అంతటితో ఆ పూట పాఠం అయిపోయేది. ఒకరోజు ధైర్యం చేసి వాళ్ల భాషలో "కూర్చోండి" అన్నాను. బడి బడంతా పొట్ట పట్టుకుని దొర్లింది. గుమ్మంలో చుట్ట కాలుస్తూ నిలబడ్డ ముసలామె లోపలికొచ్చి, "కూకోమన్లేదు బాబూ, కక్కమన్నావు" అంది.

అలా దొరికింది అవ్వ. ముప్పై ఏళ్లుగా సంతలకు తిరిగి తెలుగు పట్టేసింది. మర్నాటి నుంచి నా పక్కనే పీట వేసుకుని కూర్చునేది. నేను తెలుగులో చెబితే ఆమె వాళ్ల మాటలో చెప్పేది. అసిస్టెంటుకి అసిస్టెంటు అన్నమాట. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అలవాటు ఆమెది. ఆ నిప్పుతోనే అంత మాట్లాడటం ఎలా సాధ్యమో నాలుగేళ్లూ చూసినా నాకు అంతుపట్టలేదు. నేను ఒక్క వాక్యం చెబితే ఆమె అరగంట చెప్పేది.

"ఇంతసేపు ఏం చెప్పావవ్వా?"

"నువ్వు సెప్పిందే. నువ్వు సప్పగా సెప్పావు, నాను ఉప్పేసి సెప్పాను."

వాచకంలో "ఓ" దగ్గర ఓడ బొమ్మ ఉండేది. సముద్రం ఎరిగినవాళ్లు ఆ పల్లెలో ఒక్కరూ లేరు. నీళ్ల మీద నడిచే ఇల్లని అవ్వ చెప్పింది. అందులో పందులుంటాయా అని పిల్లలడిగారు. ఉంటాయంది. "నువ్వు చూశావా?" అని నేను కసిరితే, "ఇల్లన్నాక పంది ఉండదేటి?" అని నన్నే కసిరింది.

మా పూటలు ఒక తీరుగా గడిచేవి. పొద్దున్నే ఆమె ఇంటింటికీ వెళ్లి "బేగి రండర్రా" అని గుంటల్ని పోగేసుకొచ్చేది. వచ్చిన వాళ్లకు ముందు తన కుండలోని చోడి అంబలి పోసేది. "కడుపులో ఏటీ నేకపోతే అచ్చరాలు కనబడవు బాబూ" అనేది. నాకూ ఒక డొప్పెడు. వాళ్లలో పుట్టిన వారాన్నిబట్టి పేరు పెట్టడం రివాజు. సోమన్నలు ముగ్గురు, బుద్రులు నలుగురు. నేను ఒక బుద్రుణ్ణి పిలిస్తే నలుగురూ లేచేవారు. అవ్వ కళ్లతోనే ముగ్గుర్ని కూర్చోబెట్టేది.

కానీ మొదటి నెలలో ఒక చిక్కొచ్చింది. హాజరు పట్టీ తెరిచి పేర్లు రాయడం మొదలుపెట్టగానే పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. మర్నాడు ఒక్కరూ రాలేదు. అవ్వ చెప్పింది: "పేర్లు రాసుకున్నాకే సర్కారోళ్లు మా మగోళ్లని రోడ్డు పనికి తోలుకుపోయారు బాబూ. రాసిన పేరు ఇడిసిపెట్టరు." ఇది బడి, ఆ భయం లేదని నేను ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. చివరికి ఆమె ఊరందరినీ బడి ముందుకు పిలిచి, నా ముందు కూర్చుంది.

"ముందు నా పేరు రాయి. తోలుకుపోతే నన్నే ముందు తోలుకుపోతారు. వాళ్లకి అంబలి కాసి పెడతాను, ఏటి పోయింది?"

మొదటి గీత మీద ఆమె పేరు రాశాను. దాని కింద మిగతా పేర్లు చేరాయి. ఆ రోడ్డు పనికి వెళ్లిన ఆమె ఒక్కగానొక్క కొడుకు జ్వరం తగిలి తిరిగి రాలేదని చాలా కాలానికి ఇంకొకరు నాకు చెప్పారు. ఆమె నోట ఎన్నడూ వినలేదు.

రెండో ఏడు ఇన్‌స్పెక్టరు గారు డోలీలో వచ్చారు. పట్టీ చూడగానే ముఖం ఎర్రబడింది.

"ఒకటో తరగతిలో ఈ ముసలమ్మేమిటయ్యా? సంఖ్య పెంచి చూపిస్తున్నావా?"

ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. ఆయన కలం తీసి ఆ పేరు అడ్డంగా కొట్టేశారు. ముందు వరసలోని ఒక గుంట మెడ చాచి చూసింది, వెనక్కి తిరిగి ఏదో ఒక్క మాట అంది. పిల్లలందరూ పలకలు చప్పుడు కాకుండా కింద పెట్టి, బారుగా బయటికి నడిచారు. ఆయన తెల్లబోయారు.

"ఏమైంది వీళ్లకి? పిలవ్వమ్మా!"

"నాను పిలిస్తే రారు బాబూ. నా పేరు నేదు కదా" అంది అవ్వ, తీరిగ్గా. ఆ తరువాత సంగతంతా చెప్పింది. ఆయన విని, కిటికీలోంచి బయట నిలబడ్డ పిల్లల్ని చూశారు. అప్పుడు తన చేత్తోనే ఆ పేరు మళ్లీ రాశారు. ఆమె గుమ్మంలోంచి ఒక్క కేక వేసింది. పిల్లలు ఎలా వెళ్లారో అలాగే బారుగా తిరిగొచ్చారు.

"మీ పేరు గూడా ఎట్టండి బాబూ. తోలుకుపోతే ఇద్దరం పోదాం" అంది అవ్వ. ఆయన ఫక్కున నవ్వి, తనిఖీ సంతకం ఆమె పేరు పక్కనే పెట్టారు.

నాలుగేళ్లకు నాకు సాలూరు బదిలీ అయింది. ఇప్పుడు నా బడిలో పిల్లలందరికీ తెలుగు వచ్చు. అయినా పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగుతుంటాను, ఎవరో దాన్ని ఇంకా బాగా చెబుతారన్నట్టు.

నేను వచ్చేసిన రోజు పొద్దున ఆమె కొండ దిగే ఘాటు దారి మొదటి మలుపు దాకా సాగనంపింది. "ఎల్లు బాబూ, ఎండెక్కుతాది" అని గిరుక్కున తిరిగి వలిసె చేలకు అడ్డం పడి ఇంటి దారి పట్టింది. కొంత పసుపు పూతా కొంత నూనెగింజా పట్టిన చేను అది. ఆ పసుపులో ఆమె తల ఒక్కటే కనబడుతూ పోతోంది. నడిమధ్యలో ఆగి చెయ్యి పైకెత్తి ఊపింది. నా కోసమేననుకుని నేనూ రెండు చేతులూ ఎత్తి ఊపాను. అప్పుడు ఆమె ముందున్న చేలోంచి పిట్టల గుంపు ఒకటి జుయ్యిన లేచింది. ఆమె వాటిని తోలుతోంది.