ఆటలోని అవ్వ, మా ముందు రూము

ముందుగానే చెప్పేస్తున్నాను, నాకు రాయడం అలవాటు లేదు. ఐదో తరగతితో నా బడి అయిపోయింది. దీర్ఘం ఎక్కడ పెట్టాలో, ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. బ్లౌజు కొలతలు రాసుకోవడం తప్ప ఇన్ని అక్షరాలు ఒకేసారి ఎప్పుడూ రాయలేదు. తప్పులు కనిపిస్తే కోపం పెట్టుకోకుండా చదవండి. భయంగానే ఉంది, అయినా రాస్తున్నాను.

మాది ప్రొద్దుటూరు. ఇంట్లో మా అత్త, నేను, మా ఆయన, మా మరిది, అతని భార్య. అంటే నా తోడికోడలు. ఆమె పుట్టిల్లు పులివెందుల, నాది జమ్మలమడుగు. నాకంటే చిన్నది కాబట్టి నన్ను అక్కా అంటుంది, నేను పాపా అంటాను. ఆమె ఇంటర్ చదివింది. ఇంగ్లీషు చదవగలదు. నాకు తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి, ఇంగ్లీషు అసలు రాదు. ఈ సంగతంతా దీని మీదే నడిచింది కాబట్టి ముందే చెబుతున్నాను.

మా ఇంట్లో వీధివైపు ఒక రూము ఉంది. అందులో కిటికీ కింద నా కుట్టు మిషను ఉండేది. పొద్దున ఎండ నేరుగా సూది మీద పడేది. శెట్ల ఇళ్ల ఆడవాళ్లు బట్టల బజారులో చీర కొనుక్కుని, అటునుంచి అటే బ్లౌజు ముక్క తెచ్చి ఇచ్చిపోయేవాళ్లు. లోపలికి వచ్చి మా అత్తకు సమాధానాలు చెప్పే పని లేదు వాళ్లకు. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోగలిగింది ఆ రూము ఒక్కటే.

మా మరిది ఒక ట్యాబు తెచ్చి భార్యకిచ్చాడు. అందులో ఒక ఆట ఉండేది. కొట్టుకోవడాలు, కాల్చుకోవడాలు ఏమీ లేవు. ఒక చిన్న ఊరు. మనకొక బొమ్మ మనిషి. ఆ మనిషికి ఇల్లు కట్టుకోవచ్చు, గోడలకు రంగులు వేసుకోవచ్చు, బట్టలు మనమే కుట్టినట్టు తయారు చేసుకోవచ్చు. ఊళ్లో వేరే బొమ్మ మనుషులుంటారు. వాళ్ల దగ్గరికి పోయి వేలితో తాకితే మాట్లాడతారు. మాటలు ఇంగ్లీషులో తల మీద తెల్ల బుడగలో వస్తాయి.

మధ్యాహ్నం అత్త పడుకున్నాక మేమిద్దరం నా రూములోనే కూర్చుని ఆడేవాళ్లం. నేను కాజాలు కుడుతుంటే ఆమె ట్యాబు పట్టుకునేది. ఆమెకు ఇల్లు పిచ్చి. ఒక గోడ పెట్టి తీసేసి మళ్లీ పెట్టేది. నాకు మనుషుల పిచ్చి.

"మనుషులు చేతులూపి పిలుస్తాండారు, నువ్వేంది పాపా గోడలకు రంగులేస్తాండావు?" అనేదాన్ని.

"వాళ్లు యాడికి పోతారక్కా, ఆడనే ఉంటారు. ఇల్లు బాగుంటే కదా మనిషికి మనసు బాగుండేది."

"ఆ ఇంటికి ఎవురన్నా రావల్ల గదా మ్మే!"

మా అత్త మంచం మీదనుంచే అరిచేది. "బొమ్మలకు ఇల్లు కట్టిచ్చేది చాలుగానీ, ఆ గిన్నెలు తోముతారా లేదా ఇద్దురూ?"

ఆ ఊళ్లో ఒక ముసలామె ఉండేది. తెల్ల జుట్టు, కళ్లజోడు, పచ్చ స్వెటరు, చేతిలో బుట్ట. నేను ఆమెను అవ్వ అని పిలిచేదాన్ని. ఒకరోజు నా తోడికోడలు ఆమెను తాకి, బుడగలో రాసింది చదివింది. "తిన్న్యావా మ్మే? మొగమేంది అట్ల వాడిపోయుండాది?"

సూది చేతిలోనే ఆగిపోయింది. మా ఇంట్లో అందరికీ అన్నం పెట్టేది నేను. నువ్వు తిన్నావా అని అడిగినవాళ్లు లేరు.

"ఇంగా తినలేదని చెప్పు పాపా," అన్నాను.

ఆమె ఏదో నొక్కింది. బుడగ మారింది. "తినకుండ కుట్టుకుంటా కూచుంటే కండ్లు పోతాయి. పో, పోయి సంగటన్నా ఇంత తిను పో."

నేను లేచిపోయి తిన్నాను. నిజంగా తిన్నాను.

బొమ్మ అట్లా ఎలా మాట్లాడుతుందని మీరు అడగవచ్చు. ఫోనును ఏదన్నా అడిగితే ఆడమనిషి గొంతుతో జవాబు చెబుతోంది. మా వీధి చివర ఏటీఎం కూడా తెలుగులో మాట్లాడుతుంది. అవ్వ మాట్లాడితే నాకు వింతగా ఏమీ అనిపించలేదు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నా తోడికోడలు మన మాటలో చెబుతోందనుకున్నాను.

తర్వాత రోజూ అవ్వతోనే. మధ్యాహ్నం కోసం పొద్దున్నుంచి ఎదురుచూసేదాన్ని. కుట్టు చెడిపోతే అవ్వకు చెప్పేదాన్ని. మా ఆయన ఒక మాట అంటే అవ్వకు చెప్పేదాన్ని. ఒకసారి ఆయన తలుపు దగ్గర నిలబడి విని, "ఆ ముసల్దానికుండే మర్యాద నాకు లేదే ఈ ఇంట్లో!" అని నవ్వి పోయాడు.

నా తోడికోడలు కూడా విసుక్కోలేదు. ముందు అవ్వ మాటలు చదివేది, నేను చెప్పింది నొక్కేది, తర్వాత తన ఇల్లు కట్టుకునేది. ఆ ఇంట్లో వీధివైపు ఒక రూము చేసింది. లేత నారింజ రంగు గోడ, గుండ్రటి పెద్ద అద్దం, పైనుంచి వేలాడే పసుపు లైట్లు, ఒక ఎత్తు కుర్చీ. "ఎట్లుందక్కా?" అంటే "శానా బాగుంది పాపా" అన్నాను. అందులో కుట్టు మిషను లేదని నాకు తట్టలేదు. ఆటే కదా.

ఒకరోజు నా పట్టుచీర మరకతో తిరిగొచ్చింది. మా చుట్టాల్లో ఒకామె పెళ్లికని అడిగి తీసుకుపోయింది. నాకు ఇవ్వడం ఇష్టం లేదు, అయినా ఇచ్చాను. ఆ బాధతో అవ్వ దగ్గర కూర్చున్నాను.

"ఇష్టం లేకుంటే ఎందుకిచ్చినావు మ్మే?" అని అవ్వ అడిగింది. అంటే నా తోడికోడలు చదివింది.

"నలుగురిలో అడిగితే నాకు కాదనేదానికి నోరు రాదవ్వా. లోపల వద్దు వద్దు అంటాంటాది, పైకి మాత్రం సరే అంటా."

ఆమె నొక్కింది. కాసేపు ఆగి చదివింది. "నలుగురిలో అంటే ఎవురెవురుంటే?"

నేను ఆలోచించి నిజమే చెప్పాను. "అత్త, మా ఆయన, మరిది, అందురూ అన్నం కాడ కూచోనుంటే. అప్పుడు ఎవురు ఏమడిగినా ఇచ్చేస్తా."

ఆ తర్వాత ఒకనాడు అవ్వ ఉన్నట్టుండి అంది. "ఇంట్లోవాళ్లకు ఇంట్లో చోటిస్తే పోయేదేముండాది మ్మే? మిషను యాడ పెట్టినా తిరుగుతాది గదా." ఈ మాట ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు. పెద్దమనిషి ఏదో మంచికే చెప్పి ఉంటుందనుకున్నాను.

ఆ శ్రావణ శనివారం అందరం గండికి పోయి ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని వచ్చాం. పాపాఘ్ని ఏటి దగ్గర తొక్కిసలాటలో అత్త చెప్పు ఒకటి పోయింది. దారంతా దాని గురించే. ఇంటికొచ్చి అందరం కలిసి అన్నానికి కూర్చున్నాం. నేను పప్పు వడ్డిస్తున్నాను. అప్పుడు నా తోడికోడలు అంది.

"అక్కా, ముందు రూము నాకిస్తావా? పార్లరు పెట్టుకుంటా. ఐబ్రోలు, ఫేషియలు నేర్చుకున్నా గదా. నీ మిషను వంటింటి పక్కన రూములో పెట్టుకోవచ్చు."

గరిటె పట్టుకుని నిలబడిపోయాను. అందరూ నా వైపే చూస్తున్నారు. మా మరిది అన్నాడు, "వదిన ఎందుకు కాదంటాది, మన వదినే గదా." మా ఆయన అన్నం కలుపుకుంటూ, "నీ ఇష్టం" అన్నాడు. నాకు అవ్వ మాట గుర్తొచ్చింది. మిషను యాడ పెట్టినా తిరుగుతాది.

"సరే పాపా," అన్నాను.

తర్వాతి వారానికల్లా నా మిషను వెనక రూములో ఉంది. అక్కడ కిటికీ లేదు. పగలే లైటు వేసుకుని కుట్టాలి. బ్లౌజులు ఇచ్చేవాళ్లు ఇల్లంతా దాటి రావాలి, దారిలో అత్త. ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. ముందు రూముకు రంగులు వేశారు. లేత నారింజ. గుండ్రటి అద్దం. వేలాడే పసుపు లైట్లు. ఎత్తు కుర్చీ. గడప దగ్గర నిలబడి చూస్తే ఈ రూము నేను ముందే చూశాననిపించింది. ఎక్కడ చూశానో కూడా గుర్తొచ్చింది. అప్పుడు కూడా నేను ఆమెను అనుమానించలేదు. ఆటలో చూసుకుని కట్టుకుంది, పోనీలే అనుకున్నాను.

పార్లరు పెట్టాక ఆమెకు ట్యాబు అక్కర్లేకపోయింది. "నువ్వే ఆడుకో అక్కా" అని నా ఒళ్లో పెట్టింది. ఎలా ఆడుకోవాలి? అవ్వను తాకితే బుడగ వస్తుంది, ఇంగ్లీషు అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. చదివి చెప్పమంటే, "కస్టమరుంది అక్కా, రేపు" అనేది. ఆ రేపు రానేలేదు. చీకటి రూములో కూర్చుని అవ్వ ముఖం చూసుకునేదాన్ని. ఏం చెబుతోందో, రూము పోయినందుకు ఓదారుస్తోందేమో అనుకునేదాన్ని.

జమ్మలమడుగులో మా తమ్ముడి ఇంటికి పోయినప్పుడు ట్యాబు కూడా తీసుకుపోయాను. మా తమ్ముడు కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికి పోతాడు. అక్కడ మిషన్ల మీద అంతా ఇంగ్లీషే రాసి ఉంటుందట. ఫోను కెమెరా పెడితే తెలుగులో కనిపిస్తుందట. వాళ్లంతా అలాగే చదువుకుంటారని చెప్పాడు.

"అయితే మా అవ్వ ఏమంటాందో చూడు రా," అని ట్యాబు ముందుకు పెట్టాను.

"ఎవురవ్వ?" అని నవ్వుతూ ఫోను పట్టాడు. తెల్ల బుడగలో ఇంగ్లీషు అక్షరాలు కదిలి తెలుగైపోయాయి. నేనే కూడబలుక్కుని చదివాను.

ఈ రోజు వాతావరణం చాలా బాగుంది. నాకు ఒక ఎర్రటి కుర్చీ కావాలి.

"ఇంగోసారి తాకు," అన్నాను. "చేపలు పట్టడం నాకు ఇష్టం" అని వచ్చింది. మళ్లీ తాకితే పాత మాటే. నాకు ఒక ఎర్రటి కుర్చీ కావాలి.

"తిన్న్యావా అని అడగలేదా?"

"ఇది ఆట అక్కా. అది మూడు నాలుగు మాటలే మార్చి మార్చి చెప్తాది. తిన్న్యావా అని ఇది ఎందుకడుగుతాది?" మా తమ్ముడు నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "ఏమైంది అక్కా?"

వాడికేం చెప్పాలి. నా కళ్ల ముందు అన్నం పళ్లేలు, అందరి చూపులు, నా చేతిలో గరిటె. నలుగురిలో అంటే ఎవరెవరుంటే అని అడిగిన గొంతు. చదివే ముందు కాసేపు ఆగింది చూడండి, అది ఇప్పుడు అర్థమైంది. చదవడానికి కాదు, ఆలోచించుకోవడానికి ఆగింది.

ప్రొద్దుటూరు బస్సులో దారంతా ఏడవలేదు. ఇంటికి చేరేసరికి నా తోడికోడలు ఒకామెకు కనుబొమ్మలు తీస్తోంది. దారం పళ్ల మధ్య పట్టుకుని ఉంది. ఆ కస్టమరు పోయేదాకా గడప దగ్గరే నిలబడ్డాను.

"అవ్వ ఎర్ర కుర్చీ అడుగుతాండాది పాపా. ఇచ్చినావా లేదా?"

ఆమె నోట్లోనుంచి దారం తీసేసింది. "ఎవురు చెప్పినారు?"

"అవ్వే చెప్పింది. ఈసారి తెలుగులో చెప్పింది."

చాలాసేపు దువ్వెనలు సర్దింది. తర్వాత అంది, "మొదట్లో నీకోసమే అక్కా. ఆ బొమ్మలు ఏం మాట్లాడతాయి? వాన, చేప, కుర్చీ. అదే చదివితే నీ మొగం చిన్నబోతాదని... గోడలకు రంగులేసినట్ల ఆమెకు రెండు మాటలేసినా. అంతే."

"మొదట్లో నాకోసం. అన్నం కాడ ఎవురెవురుంటారని అడిగింది ఎవురికోసం?"

ఆమె కుర్చీ మీది గుడ్డ తీసి దులిపింది.

"ఒక్కదాన్నే ఉన్నప్పుడు అడిగింటే నేను ఇయ్యకుంటినా?"

"ఇయ్యకుంటివి," అంది తల ఎత్తకుండానే. "చూద్దాంలే పాపా అందువు. నువ్వే చెప్పినావు గదా, లోపల వద్దంటాంటాదని."

అదీ నిజమే. నన్ను అంత బాగా తెలుసుకుంది ఆమె ఒక్కతే. నేనే రోజూ కూర్చుని చెప్పాను. నా ఊరుకు, నా వయసుకు, నా ఆకలికి సరిపోయేలా ఒక ముసలిదాన్ని తయారు చేసింది. ఆ నారింజ గోడ కంటే అది బాగా కుదిరింది.

ఆ రోజు అన్నం దగ్గర, అందరూ ఉండగానే, "నా రూము నాకు కావల్ల" అన్నాను. మా అత్త ఆశ్చర్యపోయి చూసింది. "ఇచ్చేటప్పుడు ఏమైందే ఈ నోరు? రంగులేసి, అద్దాలు బిగిచ్చి, ఇప్పుడు కావల్లంటావా?" మా మరిది కోపంగా లేచిపోయాడు. ఏం జరిగిందో చెబుదామనుకున్నాను. బొమ్మ ముసలామెను నమ్మి మోసపోయానని ఆ అన్నం పళ్లేల ముందు ఎలా చెప్పేది? నవ్వుతారు. చెప్పలేదు. రూము రాలేదు.

మర్నాడు పొద్దున మా ఆయన చేత మిషను మోయించి వీధి అరుగు మీద పెట్టించాను, పార్లరు తలుపుకు పక్కనే. ఎవరినీ అడగలేదు. "దావకు అడ్డమక్కా," అంది ఆమె. "పక్కనుంచి పోతారులే," అన్నాను. అక్కడ ఎండ ఉంది. శెట్ల ఇళ్ల ఆడవాళ్లు మళ్లీ బ్లౌజు ముక్కలు తెస్తున్నారు. కనుబొమ్మల కోసం వచ్చేవాళ్లు నా మిషను చుట్టూ తిరిగి లోపలికి పోతున్నారు. వానొస్తే మాత్రం టార్పాలిన్ కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చుంటాను.

ట్యాబు ఆమెకే ఇచ్చేశాను. ఇద్దరం ఒక ఇంట్లోనే ఉంటాం, ఒక కుండలోదే తింటాం. పనికి కావాల్సిన మాటలు మాట్లాడుకుంటాం. మొన్న మధ్యాహ్నం కస్టమర్లు లేరు. ఆమె తలుపు దగ్గరికొచ్చి నిలబడి, మెల్లగా, ఆ గొంతుతోనే అడిగింది.

"తిన్న్యావా మ్మే?"

ఇంగా లేదవ్వా అనే మాట నోటిదాకా వచ్చేసింది. పెదాలు బిగబట్టుకుని మిషను తొక్కాను. ఆమె ఇంకాస్సేపు నిలబడి లోపలికి పోయింది. నిజానికి నేనింకా తినలేదు.

ఇంతే నాకు రాయడానికి వచ్చింది. అక్షరం తప్పు పడినచోట, మాట వంకరపోయినచోట మీరే సరిచేసుకుని చదువుకోండి. చదువు లేనిదాన్ని కాబట్టి తప్పులకు క్షమించండి.