హుస్నాబీ కొంగులో చాక్లెట్

బడి నన్ను భరించలేక పదో తరగతిలోనే దండం పెట్టేసింది. నష్టం బడికే. నా ఈల వింటే కోమటిచెరువు చేపలు ఒడ్డుకొచ్చి బారు తీరేవి. నమ్మేవాళ్లకే సిద్దిపేటలో కరువు. పక్కింటి మహబూబ్ భాయ్ అయితే నేను నా పేరు చెప్పినా నమ్మడు. చాక్లెట్ చేసే మనిషి కదా, ఏదైనా నాలుక మీద వేసుకుంటే గానీ ఒప్పుకోడు.

కోకో గింజలు గోదావరి జిల్లాల నుంచి తెప్పించేవాడు. పల్లీల్లా వేయించి, చాటతో పొట్టు చెరిగి, దోసెపిండి గ్రైండర్లో చక్కెరతో వేసి, గింజలోని వెన్న జారేదాకా రుబ్బేవాడు. డాల్డాను గడప తొక్కనిచ్చేవాడు కాదు. "అసలు చాక్లెట్ నాలుక వేడికి కరగాలె. డాల్డాది అంగుట్లె అతుక్కుంటది" అనేవాడు.

"ఆ కాయలు కొమ్మకు కాదు భాబీ, చెట్టు మొద్దుకే కాస్తయి" అని నేనంటే ఆయన భార్య హుస్నాబీ పడీపడీ నవ్వేది.

"చల్ ఐలయ్యా, ఇది గూడ నీ చేపల కథనే!"

నేను చెప్పినవాటిలో నిజం అదొక్కటే.

సకల జనుల సమ్మె జరిగిన ఏడు ఆమె గొంతులో పుండు పెరిగింది. దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మెతుకు దిగదు. చాక్లెట్ ఒక్కటే కరిగి లోపలికి జారేది. సరిగ్గా అప్పుడే గింజలు అయిపోయాయి. కొత్త సంచి ఎక్కిన లారీ ఏ దారిలో ఆగిందో తెలియదు. బజారుకు పోతే మూసిన షట్టర్లు. రోడ్ల మీద వంటావార్పులు. మా రోడ్డు మీద గరిటె పట్టింది ఎవరనుకున్నారు? మహబూబ్ భాయే. బగారన్నం ఆయన చెయ్యి పడితేనే జనానికి సయించేది.

"ఆంధ్ర గింజల కోసం ఏడ్సుకుంట తెలంగాణకు వండుతున్నవా భాయ్?" అని ఎకసెక్కమాడాను.

"గింజతోని నాకేం కొట్లాటరా ఐలిగా. ఇయ్యాల పోనని హుస్నాతోని అన్న. పో, నువ్వు వండకుంటే జనం లేసి పోతరు, అన్నది."

చివరికి ఓడిపోయాడు. డబ్బా అడుగున మిగిలిన కోకో పొడిలో డాల్డా కలిపి ముక్కలు చేశాడు. ఆమె ఒకటి నోట్లో పెట్టుకుని, "మంచిగుంది జీ" అని గోడవైపు తిరిగి పడుకుంది. రోజూ అంతే.

"తింటున్నదిరా!" అని రోడ్డు మీద కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు.

ఆ వారమే ఆమె పోయింది. కడసారి స్నానం చేయించిన ఆడవాళ్లు చీర తెచ్చి ఆయన చేతికిచ్చారు. కొంగు ముడి విప్పితే ముక్కలన్నీ అందులోనే ఉన్నాయి. జ్వరమొచ్చిన ఒంటికి ఆనుకుని ఉండి కూడా అంచులైనా కరగలేదు. ఆయన ఏడవలేదు. ఒక ముక్కను వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు.

సమ్మె ఆగింది. గింజలొచ్చాయి. నలభయ్యోనాటి ఫాతెహాలో, చనిపోయినవాళ్లకు ఇష్టమైనది పళ్లెంలో పెడతారు. ఆయన గ్రైండర్ పక్కనే పడుకుని రుబ్బి, అసలు చాక్లెట్ చేసి పెట్టాడు. పక్కన ఊదు నిప్పులున్నాయి. దువా ముగిసేసరికి ముక్కలు రూపం లేకుండా కరిగి పళ్లెమంతా పరుచుకున్నాయి.

మహబూబ్ భాయ్ పళ్లెం వైపు చూసి, తర్వాత నావైపు చూశాడు.

"తిన్నదంటవా ఐలిగా?"

"తిన్నది భాయ్. నా కండ్లతోని చూసిన."

నమ్మాడు.