ఏటి అడిగేడమ్మా ఈ వారం?

చోడవరం వాస్తవ్యులు, వైద్యులు, ఎల్.ఎం.పి. పట్టభద్రులు డాక్టరు సన్యాసిరావు గారు మొన్న మంగళవారం ఉదయం తమ వైద్యశాలలో, ఒక రోగి నాడి పట్టుకుని ఉండగానే, కుర్చీలో ఒరిగి కన్నుమూశారు. కాంపౌండరు పంపిన మనిషి మా బడికి వచ్చి ఈ మాట చెప్పినప్పుడు నేను మూడో తరగతికి ఎక్కాలు చెబుతున్నాను. సుద్దముక్క వేళ్ల మధ్యనే విరిగిపోయింది. ఆ క్షణంలో నాకు కలిగిన మొదటి ఆలోచన ఆయన్ని గురించి కాదు. మా ఇంట్లో సీసాలో అన్నయ్య మందు పొట్లాలు ఎన్ని మిగిలాయా అని. అయిదు. అటువంటి పుణ్యాత్ముడి మరణవార్త విని నేను పొట్లాలు లెక్కపెట్టుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కాని దాచితే ఆయన ఊరుకునేవారు కారు. దాపరికం ఎంత ప్రమాదమో నాకు నేర్పినవారు ఆయనే.

ఈ ప్రాంతంలో చలిజ్వరాలకూ పురుళ్లకూ ఆయన చెయ్యి తగలని ఇల్లు లేదు. ఆ విషయం రాసేవారు చాలామంది ఉంటారు. నేను రాయదలచినది ఆయన చేసిన వేరొక పని గురించి. మతి చలించినవారికి ఆయన వైద్యం చేసేవారు. సాటి డాక్టర్లు నవ్వారు, భూతవైద్యులు శాపనార్థాలు పెట్టారు. ఆయన మాత్రం పాత సైకిలు మీద, ఎండకు గొడుగైనా లేకుండా, చీడికాడ కొండల దాకా తిరిగారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది. తన ఎదుట ఎవరినైనా పిచ్చివాడు అంటే, 'పేరు పెట్టలేదా తల్లిదండ్రులు?' అని గదమాయించేవారు.

మా అన్నయ్య పేరు సింహాద్రి. గోవాడ దారిలో మాకు రెండెకరాల చెరకు. ఒక ఏడు బెల్లం వండుతుండగా, మరుగుతున్న పెనంలోంచి తనను ఎవరో పిలుస్తున్నారంటూ అన్నయ్య అందులోకి దూకబోయాడు. నలుగురం కలిసి పట్టుకున్నాం. ఆ సాయంత్రమే ఆ బెల్లం పాకలోని రాటకు గొలుసు వేసి కట్టాం. ఎనిమిది నెలలు అన్నయ్య ఆ గొలుసు మీదే బతికాడు. వదిన పైడమ్మ కర్రతో కంచం ముందుకు తోసేది. గొలుసు అందేంత మేర నేల మీద అరిగి గుండ్రంగా గీత పడింది. ఆ గీత దాటి లోపలికి వెళ్లే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

సంగతి తెలిసి వచ్చిన సన్యాసిరావు గారు మొదటి రోజే ఆ గీత లోపలికి వెళ్లి కూర్చున్నారు. 'సింహాద్రి బాబూ, ఒక మందు ఇత్తాను, పుచ్చుకుంటావా?' అని అడిగారు. గొలుసులో ఉన్నవాణ్ణి అనుమతి అడగడమేమిటని చూడవచ్చినవాళ్లు నవ్వారు. అన్నయ్య ఒక్క దెబ్బతో ఆయన కళ్లజోడు ఎగరగొట్టాడు. మర్నాడు ఆయన కళ్లజోడు చెవులకు దారంతో బిగించి కట్టుకుని వచ్చి, అదే చోట కూర్చుని, అదే ప్రశ్న అడిగారు. ఆరో రోజున అన్నయ్య చెయ్యి చాచాడు.

ఆ మందు సర్పగంధి వేరు. మన పెద్దలు ఎరిగినదే. ఆ వేరు నుంచే ఇప్పుడు విదేశాలలో మాత్రలు చేస్తున్నారని ఆయన పత్రికలో చదివి నాకు చూపించారు. వేరును స్వయంగా నూరి, తూచి, పొట్లాలు కట్టేవారు. రోగికి ఇచ్చే ముందు పది రోజులు తానే పుచ్చుకున్నారట. ముక్కు దిబ్బడ వేసింది, నిద్ర ముంచుకొచ్చింది, కోపం పూర్తిగా పోయింది. తాను బాగానే ఉన్నానని ఆయన అనుకున్నారు. పదో రోజున ఆయన భార్య కంటతడి పెట్టుకుని, మూడు రోజులుగా మీరు కాఫీ కూడా అడగలేదన్నారట. అది మొదలు ఏ రోగి ఇంటివారినీ ఆయన 'నెమ్మదిగా ఉన్నాడా?' అని అడిగింది లేదు. వారం వారం మా వదిన నడిచి చోడవరం వెళ్లేది. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన అడిగేది ఒకటే.

'ఏటి అడిగేడమ్మా ఈ వారం?'

పచ్చిమిరపకాయ అడిగాడనీ, ఎద్దుకు దాణా వేశారా అని అడిగాడనీ వదిన చెప్పేది. ఆయన అది పుస్తకంలో రాసుకుని, దాన్ని బట్టి మోతాదు నిర్ణయించేవారు. నాకు వివరించేటప్పుడు ఆయన తన సైకిలునే చూపించేవారు. పల్లంలో పోయే బండికి బ్రేకు కావాలి, మరీ బిగిస్తే బండి కదలదు, ఈ వేరు మెదడులో చేసేది అంతే అనేవారు. కోరిక చచ్చిన శాంతం ఆరోగ్యం కాదన్నది ఆయన సిద్ధాంతం.

రెండు నెలలకు గొలుసు విప్పాం. దాన్ని పాక గోడకు మేకు కొట్టి తగిలించాను. పారేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇక నా పాపం చెప్పాలి. అమావాస్యకు మతి భ్రమ పెరుగుతుందని మావైపు అందరికీ నమ్మకం. పిల్లలకు చంద్రకళలు నల్లబల్ల మీద గీసి వివరించే నేను కూడా, అమావాస్యకు ముందు రోజున అన్నయ్య కాస్త గట్టిగా దగ్గితే, పెనం వైపు పరిగెత్తిన ఆ రోజును తలుచుకున్నాను. చతుర్దశి, అమావాస్య, పాడ్యమి, ఈ మూడు రోజులూ ఒక పొట్లానికి బదులు రెండేసి ఇచ్చాను. వదినకు చెప్పలేదు. అప్పట్లో డాక్టరు గారు నెలకు సరిపడా ఇచ్చేవారు. వానకు తడిసిపోయాయని కాంపౌండరుకు అబద్ధం చెప్పి మూడు అదనంగా తెచ్చుకున్నాను. తరువాతి నెల అమావాస్యకు కూడా అదే చేశాను.

వదిన చోడవరం వెళ్లి, 'ఏటీ అడగనేదు బాబూ' అని చెప్పసాగింది. ఆయన మోతాదు తగ్గించారు. అయినా అన్నయ్య నడక బిగుసుకుపోయింది, చేతులు వణికాయి, ముందు కంచం పెడితే చూస్తూ కూర్చునేవాడు. ఆయన మళ్లీ తగ్గించారు. తన తూనికలో తప్పుందేమోనని త్రాసు మార్చారు. వేరులో కల్తీ ఉందేమోనని కొత్త వేరు తెప్పించారు. నేను దగ్గరే నిలబడి అదంతా చూశాను. నోరు విప్పలేదు. నేను ఇచ్చిందీ ఆ మందే కదా, విషం కాదు కదా అని నన్ను నేను సమాధానపరచుకున్నాను.

మూడో నెల కూడా చతుర్దశినాడు రెండు ఇచ్చాను. అమావాస్యనాడు పొద్దున్న అన్నయ్య లేవబోయి పాకలో కూలిపోయాడు. ఒళ్లు చల్లబడింది. నాడి నాకు దొరకలేదు. కబురందిన వెంటనే సన్యాసిరావు గారు వచ్చారు. రక్తపుపోటు బాగా పడిపోయిందన్నారు. కాళ్ల కింద ధాన్యం బస్తా పెట్టించి, ఒళ్లంతా కంబళ్లు కప్పించి, సూది మందు ఇచ్చి, కాస్త తెలివి వచ్చాక ఉప్పు గంజి చెంచాతో పోస్తూ మధ్యాహ్నం దాకా ఆ నేల మీదే కూర్చున్నారు. అన్నయ్య గుక్క మింగిన ప్రతిసారీ నేను ఊపిరి పీల్చుకున్నాను. నాడి కుదుటపడ్డాక ఆయన వదిన వైపు తిరిగారు. పాతికేళ్ల వైద్యంలో ఆ ముఖం అంత ఓడిపోవడం ఎవరూ చూసి ఉండరు.

'అమ్మా, నా వల్ల కానేదు. ఈ వేరు మీ ఆయనకి పడదు. ఇయ్యాల్టితో ఆపేద్దాం.'

వదిన తలెత్తి గోడ మీది గొలుసు వైపు చూసింది. ఆ చూపు చూశాక నా నోటికి తాళం ఉండలేదు. అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండునో.

'మేష్టారూ, భయం మీది. మందు ఆయన మింగేడు.'

అంతే అన్నారు. తరువాత కలం తీసి, ఏ రోజు ఎన్ని ఇచ్చానో మొదటి నుంచీ చెప్పమని, ఒక్కొక్క తిథీ రాసుకున్నారు. ఆ తరువాత ఎప్పుడూ ఎనిమిది రోజులకు మించి పొట్లాలు ఇవ్వలేదు. ఈ కట్టుబాటు ఆయన రోగులందరికీ నా వల్ల వచ్చింది. అందుకు ఎంతోమంది నన్ను విసుక్కోవలసి ఉంది.

మరుసటి అమావాస్యనాడు పిలవకుండానే ఆయన సైకిలు మా పాక ముందు ఆగింది. అన్నయ్యను పలకరించి, నా దగ్గర పీట వేయించుకుని కూర్చున్నారు. అన్నయ్యకు ఎలా ఉందో చూడరా అని అడిగితే, 'ఇయ్యాల్టి రోగి మీరు' అన్నారు. దీపాలు పెట్టే వేళ దాకా చెరకు తెగుళ్ల గురించి మాట్లాడి, అన్నయ్య ఒక్కటంటే ఒక్క పొట్లం మింగడం చూసి వెళ్లారు. ఆ తరువాత నాలుగేళ్లలో ఒక్క అమావాస్య కూడా తప్పలేదు. నా భయానికి ఆయన పట్టిన మందు అదే. ఎవరికీ చెప్పలేదు కూడా. పుట్టుకతో నోరు పెద్దదని పేరుపడ్డ మనిషి నా తప్పు విషయంలో మాత్రం పెదవి విప్పలేదు.

ఈ నెల అమావాస్య ఆయన పోయిన నాలుగో రోజున, నిన్న వచ్చింది. ముందు రోజు కాంపౌండరు ఆయన బల్ల సొరుగులో దొరికిన కాగితం తెచ్చి ఇచ్చాడు. అనకాపల్లిలో ఒక డాక్టరు గారి పేరున, తన అనంతరం చూడవలసిన రోగుల గురించి ఆయన ఏనాడో రాసి పెట్టుకున్న ఉత్తరం అది. అన్నయ్య పేరు ఎదురుగా, 'రోజుకు ఒకటి. అమావాస్యనాడు కూడా ఒకటే. వాళ్ల మేష్టారి దగ్గర కాసేపు కూర్చోవలెను' అని ఉంది.

నిన్న సాయంత్రం సీసా తెరిచాను. రెండే ఉన్నాయి. ఒకటి తీశాను. చెయ్యి రెండోదాని మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. అన్నయ్య పీట తెచ్చి, పైపంచెతో దుమ్ము దులిపి, డాక్టరు గారు కూర్చునే చోట వేశాడు. దారి వైపు చూశాడు.

'ఒరే, డాక్టరు బాబు ఇంకా రానేదేటి?'

ఆయన పోయిన మాట అంతవరకూ అన్నయ్యకు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పాను. అన్నయ్య నా చేతిలోని పొట్లం అందుకుని మింగి, ఆ పీట మీద నన్ను కూర్చోమన్నాడు. నా పక్కన నేల మీద తాను కూర్చున్నాడు. సీసా మూత పెట్టేశాను.

సన్యాసిరావు గారూ, మీ వంటి వైద్యుణ్ణి ఈ తాలూకా మళ్లీ చూస్తుందని నాకు నమ్మకం లేదు. మీ పాదాలకు ఇవే నా నమస్కారాలు. మా వదిన గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నన్ను ఒకే మాట అడిగింది.

'అడిగేడు బాబూ, ఇన్నేవా? ఇది ఇంక ఎవులికి సెప్పాలి?'