వంతు మీద వచ్చిన మ్యాటు

మొన్న పొద్దుగాల మా ఊరి నీరటి కాక పోయిండు. వార్త తెచ్చిన పాలాయన గిన్నెలో పాలు పోయడం మరిచి, "అన్నా, కాక లేడు. రేపేమో మన కోటగిరికి మ్యాటు వంతు" అన్నడు.

ఆ రెండు మాటలకు సంబంధమేందో తెలియనోళ్ల కోసం ఇది రాస్తున్న.

నీరటి అంటే కాలువ నీళ్లు ఏ పొలానికి ఎప్పుడు మళ్లాలో చూసే మనిషి. కాకకు పొద్దంతా భుజాన పార, సాయంత్రం ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుడు. నీళ్ల కాడ కొట్లాడే అన్నదమ్ములను విడదీసినోనికి రెఫరీ పని ఒక లెక్కనా? నన్నూ మా తమ్మున్నీ కూడా విడదీసిండు. ఆ కథ ఎత్తుకుంటే ఇది తెగదు.

మా పిల్లలు మట్టిల పులులు. అయితే పోటీలు రబ్బరు మ్యాటు మీదనే జరగాలని కబడ్డీ సంఘం రూలు పెట్టింది. సర్కారు జిల్లాకంతా ఒక్క మ్యాటు ఇచ్చింది. అది నిజామాబాదు దాటి రాకపోయేది. సెలక్షన్లకు పోయిన మా పిల్లలు మొదటి అడుగుకే జారిపడుడు, ఏడ్చుకుంట బస్సెక్కుడు. ఏటా ఇదే.

ఒకసారి కాక దరఖాస్తు రాయించి, నన్ను జిల్లా మీటింగుకు ఎంట తీసుకపోయిండు. క్రీడల ఆఫీసరు, "రూలు సంఘానిది" అన్నడు. సంఘం పెద్దమనిషి, "మ్యాటు సర్కారుది" అన్నడు. ఇద్దరూ నిజమే చెప్పిండ్రు, అదే తమాషా.

కాక లేచిండు. "సారూ, మా కాలువ గూడ ఒక్కటే. అందరి మడులు పండుతున్నయ్. ఎట్లంటరు? వంతు మీద. మ్యాటుకూ వంతు పెట్టుండ్రి. సివరి మడికెల్లి షురూ చేయుండ్రి."

"ఇది కాలువ కాదు పెద్దాయనా, కబడ్డీ," అన్నడు సంఘమాయన.

"జారిపడేది మా బిడ్డలు సారూ. మీరు కుర్సీల కెల్లి లేస్తే గద, పడెతందుకు!"

అందరూ నవ్విండ్రు. ఆఫీసరు నవ్వుకుంటనే రాసుకున్నడు. అది కాయితమైంది, సంఘం సంతకం పెట్టింది, జిల్లా పద్ధతి అయింది. ఇప్పుడు మ్యాటు ట్రాక్టరెక్కి నందిపేట్, నవీపేట్ తిరిగి వస్తది. మా పిల్లలు ఇద్దరు జిల్లా జట్టుల ఉన్నరు. పేపర్ల "క్రీడా విధానం" అని చదివినప్పుడల్లా నాకు పార పట్టిన మనిషే యాదికొస్తడు.

కాళ్లు కడగకుంట మ్యాటు ఎక్కనిచ్చేటోడు కాదు. భుజం మీది తువ్వాలను మ్యాటు అంచున పరిచి, "తుడుసుకోండ్రి బిడ్డా, జారుతది" అనేటోడు.

కాకను సాగనంపిన తెల్లారి ట్రాక్టరు వచ్చింది. ఈసారి వంతు నవీపేట్‌కు ఇద్దామని ఎవరో అన్నరు. చిన్నమ్మ, కాక భార్య, గడపల నిలబడి, "ఆయన వంతు ఎన్నడన్న ఇడిసిండా? మ్యాటు పరువుండ్రి" అన్నది.

పరిచినంక కాక తువ్వాల తెచ్చి అంచున వేసింది. కాళ్లు కడుక్కొని వచ్చిన పిల్లలు దాని ముందర ఆగిపోయిండ్రు. ఎవ్వరూ తొక్కరు.

"తుడుసుకోండ్రి బిడ్డా," అన్నది చిన్నమ్మ, "జారుతది."

ఒక్కొక్క తడి పాదమే తువ్వాల మీద పడి, మ్యాటు ఎక్కింది.