కాలనీ గ్రూపులో నా గొంతు

దెయ్యాలు, గాలి సోకడాలు, పూనకాలు... వీటిని నేను ఏనాడూ నమ్మలేదు. బాన్సువాడలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం నాది. మా ల్యాబ్ వెనక గదిలో ఎవరో మూలుగుతున్నారని తోటి అమ్మాయిలు భయపడితే, పాత ఫ్రిజ్ కింద అట్టముక్క పెట్టి ఆ మూలుగు ఆపింది నేనే. ఏదైనా తేడాగా కనిపిస్తే మళ్లీ పరీక్ష చేస్తాను తప్ప గుమ్మానికి నిమ్మకాయ కట్టే మనిషిని కాను. ఇప్పుడు చెప్పబోయేది వేరేవాళ్లకు జరిగి ఉంటే నేనే నవ్వేదాన్ని.

మా తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్న కుటుంబాలు మావి. నేనూ మా ఆయనా రుద్రూర్ వైపు క్యాంపుల్లో, అంటే అలా వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లలో, పుట్టి పెరిగాం. ఎన్నేళ్లయినా మా ఇంట్లో మాట ఆ యాసలోనే ఉంటుంది. నేను నోరు తెరిస్తే చాలు, కాలనీ ఆడవాళ్లు నవ్వుతూ నన్ను అనుకరిస్తారు. నాకు వాళ్లలా మాట్లాడటం రాదు.

మా కాలనీ ఊరి చివర కొత్తగా వచ్చింది. నల్లా నీళ్లు ఎప్పుడు వస్తాయో తెలియక అందరం ఇబ్బంది పడుతుంటే, ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడిపే సాయిలన్న వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. నిజం చెప్పాలంటే దానివల్ల మంచే ఎక్కువ జరిగింది. పక్క వీధిలో ఒకమ్మాయికి కాన్పు కష్టమై రక్తం కావాలంటే, నేను గ్రూపులో పెట్టిన కాసేపటికే ముగ్గురు దవాఖానకు వెళ్లారు. బాత్రూములో పాము దూరితే పట్టేవాడు దొరికాడు. అంతకుముందు పక్కింటివాళ్ల పేరు కూడా తెలియనివాళ్లం, అక్కా అన్నా అని పిలుచుకోవడం మొదలుపెట్టాం.

తర్వాత గ్రూపు రంగు మారింది. పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమె వస్తే ఫొటో తీసి 'ఈమె ఎవరు?' అని పెట్టేవారు. చీరలమ్మే అతని బైకు నంబరు పెట్టేవారు. ఎక్కడివో తెలియని వీడియోలు వచ్చేవి, పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా తిరుగుతోందని. మా పక్కింటి లక్ష్మి వాటిని చూసి కూతుర్ని వాకిట్లోకి కూడా పంపడం మానేసింది. "అవి ఏ రాష్ట్రానివో, ఎప్పటివో" అని నేను ఒకటి రెండుసార్లు రాశాను. ఎవరూ పట్టించుకోలేదు. నాకు కూడా తెలియకుండానే, వీధిలో కొత్త ముఖం కనిపిస్తే ఆగి చూడటం అలవాటైంది.

ఆ రోజు నేనూ మా ఆయనా నిజామాబాద్‌లో కంటి ఆసుపత్రికి వెళ్లాం. కొన్నాళ్లుగా నాకు చూపు మసకబారుతోంది. లోపలి నరాలు చూడాలని కళ్లలో చుక్కలు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. నా ఫోన్ నా బ్యాగులో ఉంది. మా ఆయన తన ఫోన్ చూస్తున్నారు. ఆయన కూడా ఆ గ్రూపులో ఉన్నారు.

"సుధా, కాలనీలో ఏదో గొడవలా ఉంది" అన్నారు.

ఒక ఫొటో వచ్చిందట. వయసు మీదపడిన ఒక ఆడమనిషి, నేతచీర మోకాళ్ల దాకా ఎగకట్టి, లక్ష్మి కూతురి చెయ్యి పట్టుకుని నిలబడింది. పాప చేతిలో జామకాయ ఉంది. కింద ఎవరో 'దొరికింది' అని రాశారు. ఆ ఒక్క మాట.

ఆయన ఒక్కో మెసేజ్ చదువుతుంటే నేను చీకట్లో కూర్చుని వింటున్నాను. పేరు అడిగితే చెప్పడం లేదట. ఊరు అడిగితే చెప్పడం లేదట. నటిస్తోందని ఒకరు. కట్టేయండని ఒకరు. అందరూ రండి అని ఇంకొకరు. నస్రుల్లాబాద్ వైపు కూడా పిల్లలు పోయారంట అని మరొకరు. అది నిజం కాదని తర్వాత తెలిసింది, కానీ అప్పుడు అడిగినవాళ్లు లేరు.

"చంపేస్తారండీ. లక్ష్మికి చెయ్యండి" అన్నాను. ఆయన చేశారు. ఎత్తలేదు. సాయిలన్న ఫోన్ బిజీ. ఇంకో ఇద్దరికి చేశారు. కళ్లు తెరిస్తే అంతా తెల్లటి పొగలా ఉంది. నేను చెబితే వింటారనిపించింది. ఆ వీధిలో నేను సూది గుచ్చని చెయ్యి లేదు, వాళ్లకు నేనంటే గురి. వాయిస్ పెడదామని బ్యాగు జిప్పు మీద చెయ్యి వేశాను.

అప్పుడే నా పేరు పిలిచారు. నర్సు వచ్చి చెయ్యి పట్టుకుని లేపింది. బ్యాగు మా ఆయన ఒళ్లో పెట్టి, "మళ్లీ మళ్లీ చెయ్యండి, ఆపకండి" అని లోపలికి వెళ్లాను.

లోపల ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, గడ్డం దాని మీద ఆనించి, నుదురు పట్టీకి నొక్కిపెట్టమన్నారు. డాక్టరుగారు కంట్లోకి వెలుతురు వేస్తూ, "కదలొద్దమ్మా, మాట్లాడొద్దు" అన్నారు. నేను పెదవి కదపలేదు. కానీ లోపల మాత్రం 'కొట్టకండి, కొట్టకండి' అనుకుంటూనే ఉన్నాను. అది మాత్రం ఒప్పుకుంటాను. ఒక దశలో గొంతు పట్టేసినట్టయింది. ఎక్కువసేపు అరిచాక ఎలా మండుతుందో అలా మండింది. కంగారువల్ల అనుకున్నాను.

బయటికి వచ్చేసరికి మా ఆయన లేచి నిలబడి ఉన్నారు. ముఖం సరిగా కనిపించలేదు కానీ గొంతులో తేడా తెలిసింది.

"నువ్వు వాయిస్ ఎప్పుడు పెట్టావు?"

"ఏ వాయిస్?"

"గ్రూపులో. ఇప్పుడే వచ్చింది. నీ నంబరు నుంచి. నీ ఫోన్ నా ఒళ్లోనే, బ్యాగులోనే ఉంది సుధా. నేను జిప్పు కూడా తియ్యలేదు."

చెవి దగ్గర పెట్టి వినిపించారు. అది నా గొంతు. నా గొంతులా ఉందని కాదు, నా గొంతే. జలుబు చేసినప్పుడు 'ర' దగ్గర నాకు కొద్దిగా జీర వస్తుంది, ఆ జీరతో సహా.

"గామెను కొట్టకుండ్రి. గామె పిల్లల్నెత్కపొయ్యేటామె కాదు. పేరు కొండాబాయి. నోరు రాదు. దూప అయితుంది, జర నీళ్లియ్యిండ్రి. మా బాలాజీకి కబురు జెయ్యిండ్రి."

అంతే. వెనక ఏ చప్పుడూ లేదు. మేం కూర్చున్న వరండాలో పేర్లు పిలుస్తున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, టీవీ మోగుతోంది. అందులో ఒక్కటీ ఆ వాయిస్‌లో వినపడలేదు. మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. కొండాబాయి ఎవరో నాకు తెలియదు. బాలాజీ ఎవరో తెలియదు. దాహాన్ని 'దూప' అని నేను జన్మలో అనలేదు.

అంతలో లక్ష్మి ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "సుధక్కా, నువ్వు చెప్పకపోతే ఆమె పాణం పోతుండె. సాయిలన్న నీ మాట అందరికీ పెద్దగ వినిపిచ్చిండు. అందరు ఆగిన్రు" అంది. వెక్కుతూ, "నేను గూడ కొట్టిన అక్కా. జుట్టు పట్టి గుంజిన" అంది.

నేను పంపలేదని ఆమెకు చెప్పలేకపోయాను. ఏమని చెప్పాలి?

బస్సులో తిరిగి వచ్చాం. మేం దిగేసరికి ఇంకా వెలుతురు ఉంది. పోలీసులు వచ్చి విచారించి, ఆమె తాలూకు వాళ్లు దొరికేదాకా ఇక్కడే ఉంచమని లక్ష్మికి చెప్పి వెళ్లారట. లక్ష్మి ఇంటి అరుగు మీద ఆమె కూర్చుని ఉంది. నుదుటి మీద దెబ్బకు పసుపు అద్దారు. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరికి వాళ్లు తలవంచుకుని నిలబడ్డారు. పొద్దున 'కట్టేయండి' అని రాసినాయన ఆమెకు చాయ్ పట్టుకొచ్చాడు.

జరిగింది కూడా తెలిసింది. పాప లక్ష్మి కన్నుగప్పి బయటికొచ్చి రోడ్డు దాటబోతే ట్రాక్టర్ వస్తోందని ఆమె చెయ్యి పట్టి పక్కకు లాగింది. తన కొంగులో ఉన్న జామకాయ ఇచ్చింది. ఎవరో ఫొటో తీశారు.

నేను వాకిట్లో అడుగుపెట్టగానే ఆమె లేచి నిలబడింది. అంతమందిలో నన్నే చూసింది. నా చూపు ఇంకా మసకగానే ఉంది, ఆమె ముఖం స్పష్టంగా తెలియలేదు. దగ్గరికి వచ్చి, రెండు వేళ్లు నా గొంతు మీద పెట్టింది. వేళ్లు మోటుగా, వేడిగా ఉన్నాయి. అలా కాసేపు పెట్టి, తన గొంతు మీద పెట్టుకుంది. తర్వాత నా తల నిమిరింది. ఆమెను అంతకుముందు నేను ఎప్పుడూ చూడలేదు. నాకు వెనక్కి పారిపోవాలనిపించింది.

సాయిలన్న అప్పటికే ఆమె ఫొటో, ఆ పేర్లు పెట్టి చుట్టుపక్కల ఊళ్ల గ్రూపులన్నిటికీ పంపాడు. పెద్ద కొడప్‌గల్ వైపు ఒక ఇటుక బట్టీలో మేస్త్రీ ఆ ఫొటో చూసి గుర్తుపట్టాడు. చీకటి పడేలోపే ఆమె కొడుకు బైకు మీద వచ్చేశాడు. మహారాష్ట్ర సరిహద్దు అవతలి ఊరు వాళ్లది, బట్టీ పనికి వచ్చి పదిరోజులు కూడా కాలేదు. తల్లి నీళ్లకని వెళ్లి, దారి తప్పి ఏదో ఆటో ఎక్కేసిందట. తల్లిని చూడగానే అతను నేల మీద కూర్చుని ఏడ్చాడు. నుదుటి దెబ్బ చూసి మా అందరి వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

అతని పేరు బాలాజీ. ఆమె పేరు కొండాబాయి.

"మా ఆయికి పుట్టినకాంచెల్లి నోరు రాదు. ఇంటది గానీ మాట రాదు. సద్వు రాదు. మీకు పేరెట్ల తెల్సె?" అని అడిగాడు. ఆయి అంటే వాళ్ల మాటలో అమ్మ.

అందరూ నా వైపు చూశారు. నేను ఫోన్ తీసి ఆ వాయిస్ వినిపించాను. అతను ఒకసారి విన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. "మా బాలాజీకి" అన్న దగ్గర తల్లి వైపు తిరిగాడు. ఆమె నేల చూస్తూ కూర్చుంది.

"అక్కా, గిది నా ఫోన్ల వెయ్యవా?" అన్నాడు మెల్లగా. పంపాను. ఎందుకని అడగలేదు.

వాళ్లు వెళ్లాక లక్ష్మి నా పక్కన కూర్చుంది. "గొంతు నీదే అక్కా. మాటే నీది కాదు. మా మాట లెక్క ఉండె. అప్పుడు నాకు గుర్తుకే రాలే" అంది. అప్పుడు ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. లక్ష్మి కూతుర్ని దగ్గరికి లాక్కుని, ఇంట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు సాయిలన్న తనకు తెలిసిన మొబైల్ రిపేరు అతని దగ్గరికి నా ఫోన్ తీసుకెళ్లాడు. ఎక్కడినుంచో వచ్చినదాన్ని మళ్లీ పంపిన గుర్తు లేదని, ఈ ఫోన్ నుంచే వెళ్లినట్టుందని అతను చెప్పాడు. ఈ రోజుల్లో కంప్యూటరు ఎవరి గొంతునైనా తయారుచేస్తుందని కూడా అన్నాడు. చేస్తుందేమో. కానీ ఆ తయారుచేసినవాడికి కొండాబాయి పేరు ఎవరు చెప్పారు? ఆమె చెప్పలేదు, చెప్పలేదు గనకే కొట్టారు. బ్యాగులో ఫోన్ నొక్కుకుపోయి వెళ్లిందనుకుందామంటే, ఆ మాటలు మాట్లాడిందెవరు? నేను అప్పుడు గడ్డం యంత్రానికి ఆనించి, నోరు మూసుకుని ఉన్నాను. పక్కన డాక్టరుగారు ఉన్నారు, నర్సు ఉంది. నేనెరిగిన పద్ధతిలో అన్నీ మళ్లీ మళ్లీ పరీక్షించుకున్నాను. ఎక్కడా తేలలేదు.

గ్రూపు ఇంకా ఉంది. అడగకుండా మనుషుల ఫొటోలు పెట్టొద్దని సాయిలన్న నియమం పెట్టాడు. కొన్నాళ్లు పాటించారు. ఈమధ్య మళ్లీ ఒకటి రెండు వస్తున్నాయి. వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు, "సుధక్క ఏమంటది?" అని అడుగుతారు. నేను ఇప్పుడు వాయిస్ పెట్టను. అక్షరాలు కొట్టే పంపుతాను. పంపాక కూడా ఫోన్ పక్కన పెట్టలేను. నా పేరు మీద నేను పంపనిది ఏదైనా వెళ్లిందేమోనని తీసి చూస్తుంటాను. వంట చేస్తూ చూస్తాను, ల్యాబ్‌లో గ్లౌజులు విప్పి చూస్తాను.

మా ఆయన అంటారు, "మంచే జరిగింది కదా, ఇంకా భయమెందుకు?" అని. మంచే జరిగింది. ఒక మనిషి బతికింది. కానీ ఆ రోజు ఆ వీధిలో అంతమంది చేతులు ఆపింది నా గొంతు, నేను కాదు. అదే గొంతు 'కొట్టండి' అని ఉంటే కూడా వాళ్లు వినేవారు. నా గొంతును ఎవరు వాడుకున్నారో తెలియనప్పుడు, రేపు దేనికి వాడుకుంటారో నాకెలా తెలుస్తుంది?