ఆరు బోల్టుల భక్తి

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో టైరు చిరుగుతుంది, సాంబారు ఒలుకుతుంది, మా అక్క నన్ను నడిరోడ్డు మీద తల ఎత్తలేకుండా చేస్తుంది. ఎవరికీ దెబ్బలు తగలవు, నా పరువుకు తప్ప. దానికి కట్టు కట్టే డాక్టరు ఇంతవరకు దొరకలేదు.

అప్పట్లో నాకు పెళ్ళి కాలేదు. తిరువళ్ళూరు పక్కన ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఇంటి ముందు ఒక పాత జీపు, ఫోను నిండా వీడియోలు. ఈ మూడూ ఒకే మనిషి దగ్గర ఒకేసారి ఉండకూడదు. ప్రభుత్వం ఏదైనా చట్టం తెస్తే బాగుంటుంది.

ఆ వీడియోల్లో ఎక్కడెక్కడివాళ్ళో జీపు వెనక ట్రైలర్ తగిలించుకుని ఎడారుల్లోనూ అడవుల్లోనూ తిరుగుతుంటారు. అందరిదీ ఒకటే పాట: ట్రైలర్ చక్రాలూ బండి చక్రాలూ ఒకే మాదిరి ఉండాలి. అప్పుడు జీపు తొక్కిన గాడిలోనే ట్రైలర్ కూడా నడుస్తుంది. పైగా ఒక్క స్టెప్నీ ఉంటే చాలు, దేని చక్రం పోయినా అదే వేసుకోవచ్చు. ఈ ముక్క నా బుర్రలోకి ఎక్కింది మొదలు నేను ఊరుకోలేదు. టీ కొట్టులో చెప్పాను, కంపెనీ బస్సులో చెప్పాను, చివరికి పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను. ఆ సంబంధం ఎందుకు తప్పిపోయిందా అని మా అమ్మ ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటుంది.

ఇక మా అక్క ధనలక్ష్మి. ఆమె అప్పుడే వంట కాంట్రాక్టులు మొదలుపెట్టింది. చెయ్యి మంచిది, పేరే లేదు. ఇరుగుపొరుగు సీమంతాలకు చిత్రాన్నం కలపడం తప్ప పెద్ద ఆర్డరు ఒక్కటీ రాలేదు. అలాంటి సమయంలో ఏకాంబరం అయ్య అనే పెద్దమనిషి తగిలాడు. తిరుత్తణి కొండ మీద మనవరాలికి గుండు కొట్టించి, చెవులు కుట్టించి, కింద తన మామిడితోపులో బంధువులకు భోజనం పెట్టాలని ఆయన ముచ్చట. చెవులు కుట్టే ఈ వేడుకను మా వైపు కాదుకుత్తు అంటాం. చిక్కేమిటంటే తోపుకు పోయే దారి ఏటి ఇసుకలోంచి వెళ్తుంది. మేము చిన్న యానై అని పిలుచుకునే బుల్లి లోడు బండ్లు ఆ ఇసుకలో దిగబడిపోతాయి. పేరున్న వంటవాళ్ళందరూ రాలేమన్నారు. అలా ఆర్డరు అక్కకు వచ్చింది.

"రేయ్ రత్నం, ఇది బాగా జరిగితే తిరుత్తణిలో నాకు పేరొస్తాది. పెండ్లిళ్ళు, కాదుకుత్తులు అన్నీ మనకే. చెడిందనుకో, మళ్ళా ఇడ్లీ పిండి అమ్ముకునేదే నా గతి," అన్నది అక్క.

"నేనుండాను గదక్కా! ఇసుక కాదు, సముద్రంలోనైనా తోలుకోని పోతా," అన్నాను.

ఆ మాట వినగానే మా బావ గజేంద్ర లేచి లోపలికి పోయి దేవుడి దగ్గర దీపం వెలిగించి వచ్చాడు. నన్ను చిన్నప్పటినుంచీ చూస్తున్న మనిషి మరి.

ట్రైలర్ పని తిరువళ్ళూరులో దేశింగు అనే వెల్డరుకు అప్పజెప్పాను. అతడు వెల్డింగులో ఎలాంటివాడో గానీ, భక్తిలో నాకన్నా రెండాకులు ఎక్కువే చదివాడు. ఒకరోజు నేనూ బావా షెడ్డులో కూర్చుని ఉండగా వచ్చి అడిగాడు.

"అన్నా, చక్రం తగిలించే హబ్బు ఏది వేసేది? అయిదు బోల్టులది ఉండాది, ఆరు బోల్టులదీ ఉండాది."

ఇక్కడ కాస్త ఆగండి. నా జీపు షెడ్డు వాకిట్లోనే ఉంది. నాకు కళ్ళు ఉన్నాయి. మెడ కూడా బాగానే తిరుగుతుంది. లేచి వెళ్ళి, వంగి, చక్రానికి ఉన్న కప్పు ఊడదీసి లెక్కపెట్టుకుంటే సరిపోయేది. ఒకటో తరగతి పిల్లవాడు చేసే పని. మరి మీ రత్నం ఏం చేశాడు? గోడకున్న క్యాలెండరు వంక చూశాడు. అందులో తిరుత్తణి కొండ మీది మురుగన్, అదే మన సుబ్రహ్మణ్యస్వామి, ఆరు ముఖాలతో నవ్వుతున్నాడు.

"ఆరు!" అన్నాను. "పోయేది తిరుత్తణికి. సామికి ముఖాలు ఆరు, ఉండే క్షేత్రాలు ఆరు. ఇంక అడిగేదేముండాది? ఆరే వెయ్యి!"

దేశింగు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఏం మాట అన్నావన్నా! మురుగా!" అని చేతిలో స్పానరుతో సహా దణ్ణం పెట్టాడు.

"జీపుకు ఎన్ని ఉండాయో ఒకసారి చూస్తే..." అని బావ నసిగాడు.

"బావా, సామి విషయంలో అనుమానాలొద్దు," అన్నాను.

దేశింగు ఇంకో ప్రశ్న వేశాడు. "దీనికి వేరే స్టెప్నీ పెట్టేదానికి చోటు వదిలేదా?"

"ఎందుకు? టైరు అదే సైజు, రిమ్ము అదే రంగు, కప్పు కూడా అదే. జీపు స్టెప్నీనే దీనికీ. నువ్వు వీడియోలు చూసేదే లేదా?" అని జాలిపడ్డాను. అతడి మీద! ఇప్పుడు తలచుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

పనంతా అయ్యాక జీపునూ ట్రైలర్‌నూ పక్కపక్కన నిలబెడితే చక్రాలు అచ్చం కవలపిల్లల్లా ఉన్నాయి. నిమ్మకాయలు తొక్కించాం, గుమ్మడికాయ కొట్టాం, ఫొటోలు దిగాం. కప్పు తీసి లోపల చూడడం ఒక్కటే మిగిలిపోయింది.

కాదుకుత్తు రోజు వచ్చింది. అక్క తెల్లారకముందే లేచి సాంబారు, రసం, కూర, పెరుగన్నం అన్నీ గుండిగల్లాంటి పెద్ద పెద్ద అండాల్లో సిద్ధం చేసింది. వాటిని ట్రైలర్‌లోకి ఎక్కించి తాళ్ళతో కట్టాం. అక్క నా పక్కన కూర్చుంది. వెనక సీట్లో అరిటాకుల కట్టలు, బకెట్లు, వాటి మధ్యలో పాయసం గిన్నెను కావలించుకుని బావ.

కనకమ్మసత్రం దాటాక వెనకనుంచి టపటపమని చప్పుడు మొదలైంది.

"రేయ్, ఏందో కొట్టుకుంటా ఉండాది," అన్నాడు బావ.

"మూతలు బావా. అండాల మీద మూతలు."

"మూతలు ఇట్ల కొట్టుకోవు రా."

"సాంబారు కుదుపుకు లేస్తా ఉండాయి. నువ్వు పాయసం పట్టుకోని ఊరకుండు."

కాసేపటికి చప్పుడు గరగరమని మారింది. బావ మళ్ళీ ముక్కు ఎగబీల్చాడు. "రబ్బరు కాలిన వాసన వస్తాంది."

"రబ్బరు కాదు, రసం. ఇంగువ కొంచెం ఎక్కువైనట్టుండాది," అన్నాను.

అంతే. అక్క గిర్రున తిరిగింది. "నా రసంలో ఇంగువ ఎక్కువైందా? ఆపు! ఆపరా బండి! ఇప్పుడే మూత తీసి చూపిస్తా!"

టైరు కోసం ఆగని జీపు ఇంగువ కోసం ఆగింది. దిగి చూస్తే ట్రైలర్ ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. ఎడమ టైరు పీలికలు పీలికలుగా చిరిగి రిమ్ముకు వేలాడుతోంది. గాలి పోయిన టైరు మీద అంత దూరం తోలినందుకు రిమ్ము కూడా సొట్టలు పోయింది. అండా అంచు మీదుగా సాంబారు సన్నగా రోడ్డు మీదికి కారుతోంది. అక్క రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"భయపడొద్దక్కా. ఇట్లాంటి రోజు కోసమే గదా నేను ముందే ఆలోచించింది!" అన్నాను. మీరు నమ్మరు, నవ్వుతూ అన్నాను. బండ్లు ఆపి చూస్తున్న జనానికి కూడా వినబడేటట్టు, ఒకే మాదిరి చక్రాల వల్ల కలిగే లాభాలు చెప్తూ జాకీ ఎత్తాను. చిరిగిన చక్రం ఊడదీశాను. జీపు స్టెప్నీ దొర్లించుకు వచ్చి ఎత్తి పెట్టాను. అది లోపలికి పోలేదు. కొంచెం తిప్పాను. పోలేదు. ఇంకొంచెం తిప్పాను. తల్లి ఒడిలో కూర్చోనని మొండికేసిన బిడ్డలాగా అది బయటికే వస్తోంది.

బావ పాయసం గిన్నె కింద పెట్టి, వచ్చి వంగి, వేలితో ట్రైలర్ బోల్టులు లెక్కపెట్టాడు. తర్వాత స్టెప్నీ చిల్లులు లెక్కపెట్టాడు. లేచి నడుం పట్టుకుని నిదానంగా అన్నాడు.

"బామ్మర్దీ, సామికి ముఖాలు ఆరే. మన జీపుకు మాత్రం అయిదే."

జనంలో నవ్వు పుట్టింది. తర్వాత సలహాలు పుట్టాయి. "ఒక బోల్టు కోసేస్తే అయిదే గదన్నా మిగిలేది?" అన్నాడు స్కూటరు మీది ఒకాయన. మిగతావాటి మధ్య దూరం కుదరదని చెప్తే, "అట్లయితే ఇంకొకటి కోసేయండి," అన్నాడు. పచ్చ పంచె కట్టుకుని కొండకు నడిచిపోతున్న ముసలాయన నా భుజం తట్టి, "ఇది మురుగన్ పెట్టే సోదన నాయినా," అన్నాడు. సామికి దీంతో ఏ సంబంధమూ లేదని, ఇది పూర్తిగా నా సొంత కష్టార్జితమని అరవాలనిపించింది.

చుట్టుపక్కల టైరు కొట్లకు ఫోన్లు చేశాను. ఆ సైజు టైరు ఎవరి దగ్గరా లేదు. సాంబారు మోసేదానికి చిన్న యానై కోసం అడిగితే, ముహూర్తాల రోజు ఒక్కటీ ఖాళీ లేదన్నారు. అండాలు జీపులోకి ఎక్కిద్దామంటే వాటి వెడల్పు ముందు మా తలుపు చాలలేదు.

అక్క రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుంది. ఏడవలేదు. తిట్టలేదు కూడా. అందుకే నాకు భయం వేసింది.

"పేరు రావాలని మొక్కుకోని పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు తాగలేదు రా," అన్నది మెల్లగా. "వీడుండాడు గదా అని నమ్మినాను."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. వీడియోలలో చక్రాల గురించి అంత చెప్పేవాళ్ళు, అక్క మొహం చూడలేనప్పుడు ఏం చేయాలో ఒక్క ముక్క చెప్పలేదు.

ఇంతలో ఏకాంబరం అయ్య ఫోను. అక్క స్పీకరు పెట్టింది.

"యాడుండారమ్మా? కొండ దిగేసినాం. అందరూ ఆకలిగా ఉండారు."

"అయ్యా, మా తమ్ముడు భక్తుడు," అన్నది అక్క. "అందుకని దారిలో నిలబడిపోయినాం."

"ఏందమ్మా నువ్వు చెప్పేది? తోపులో షామియానా వేసి పెట్టుకోనుండాను!"

ఆయన గొంతు వెనక గుండు కొట్టించుకున్న పాప గుక్కపట్టి ఏడుస్తోంది. చెవుల నొప్పి ఒకవైపు, ఆకలి ఒకవైపు. ఆ ఏడుపు విని అక్క ఒక్కసారిగా లేచి నిలబడింది. చుట్టూ చూసింది. ఎదురుగా ఇంకా తెరవని పెట్రోలు బంకు ఒకటుంది. పైన పెద్ద కప్పు, కింద కడిగినట్టున్న సిమెంటు నేల.

"అయ్యా, షామియానా వదిలేయండి. వ్యాను కనకమ్మసత్రం దగ్గరుండే కొత్త బంకుకే తిప్పండి. పాప దిగేసరికి ఆకు వేసుంటాది," అన్నది. ఆయన ఏదో గొణిగాడు గానీ పాప ఇంకోసారి ఏడ్చేసరికి ఒప్పుకున్నాడు.

బంకు కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు. "లోపలికి రాకూడదు. ఓనరు తిడతాడు."

"అప్పళం, పాయసంతో సాపాటు," అన్నది అక్క.

"ఓనరు ఈ పక్క వచ్చేదే లేదక్కా," అంటూ చెయ్యి దించి, నీళ్ళ పైపు కూడా చూపించాడు.

వాళ్ళ వ్యాను వచ్చేసరికి అండాలు దించి బంకులోకి మోసుకొచ్చాం, అరిటాకులు వరసగా పరిచి ఉన్నాయి. ఏకాంబరం అయ్య మొహం గంటు పెట్టుకుని దిగాడు. పాప మేనమామ ఒళ్ళో కూర్చుని మొదటి ముద్ద తిని ఏడుపు ఆపింది. అయ్య రసం పోయించుకుని, చేతిలో పట్టి తాగి, మళ్ళీ చెయ్యి చాపాడు. మూడోసారి చెయ్యి చాపేటప్పటికి గంటు పోయింది. రోడ్డున పోయే కావడివాళ్ళు ఇదేదో అన్నదానం అనుకుని పంక్తిలో కూర్చున్నారు. నేను లేపబోతే ఆయనే అడ్డుపడ్డాడు. "కూర్చోనీ. నా మనవరాలికి పుణ్యం. అమ్మా, వడ్డించు!" అక్క వడ్డించింది. కూర ముందుగా అయిపోయింది, సాంబారు అడుగంటింది, చివరి పంక్తికి రసమూ పెరుగన్నమే మిగిలాయి. వాళ్ళు కూడా బాగుందనే లేచారు. ఇంగువ సరిగ్గా ఉందని నేను అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను.

చెయ్యి కడుక్కుంటూ ఎవరో అడిగారు, "ఎవురిదబ్బా ఈ సాపాటు?" పక్కాయన ఒరిగిపోయిన ట్రైలర్ వంకా, చేతులకు గ్రీజుతో నిలబడిన నా వంకా చూసి, "అదో, ఆ పంచర్ అక్కది," అన్నాడు.

అంతే, అక్కకు పేరు వచ్చేసింది. తిరుత్తణి నుంచి తిరునిన్రవూరు దాకా ఎవరు ఫోను చేసినా, "పంచర్ అక్కేనా మాట్లాడేది?" అంటారు. మొదట్లో ఫోను పెట్టేసేది. ఆర్డర్లు పెరిగేకొద్దీ "ఊఁ, నేనే" అనడం నేర్చుకుంది. మొన్న ఒక పార్టీ అయితే, కల్యాణ మండపం వద్దు, ఆ రోజు మాదిరే రోడ్డు పక్కన బండి ఒరిగి ఉండాల, అట్లా తింటేనే రుచి అని పట్టుబట్టింది. అక్క సరే అని ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది.

"రేయ్, ఆ రోజు బండి నువ్వే తోలాల. ఇంకెవురూ కుదరరు."

కాబట్టి ఇందుమూలంగా మీ అందరి ఎదుట, కొత్త టైరు మీద చెయ్యి వేసి, మా వైపు ఆనవాయితీ ప్రకారం వెలిగే కర్పూరం అరచేత్తో ఆర్పి, ఒట్టు పెడుతున్నాను: ఇకమీదట ఈ జన్మలో, అక్క నోరు తెరిచి ఆర్డరు ఇవ్వనిదే, నేను ఏ టైరునూ చింపను.